ఓబుళమ్మ గారి స్కోరు

1999. కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నా రిపేరు షాపు ముందు కంకర కుప్పలు, లోపల టేప్‌రికార్డర్లు. ఎవరు ఏం తెచ్చినా మేం మెకానిక్కులం ముందు చేసే పని ఒకటే, మూత తీసి బ్యాటరీ పీకడం. మాటలు ఆ తర్వాతే.

ఒకరోజు ఓబుళమ్మ గారు చేతిలో పట్టుకుని ఆడే ఒక వీడియో గేము తెచ్చారు. పైనుంచి పడే ఇటుకలను పేర్చే ఆట. ఆవిడ కడప నుంచి భర్తతో వచ్చి కొడుకింట్లో ఉంటున్న పెద్దావిడ. గేము తెర మసకబారింది. నా వేలు అలవాటుగా మూత మీదికి పోయింది.

"తీయాకు నాయనా" అని చెయ్యి పట్టుకున్నారు. "దాంట్లో నా స్కోరుంది."

"స్కోరుకేమైతదమ్మా?"

"బ్యాటరీ తీస్తే పోతాదంట. మా ఆయన బడిలో లెక్కలు చెప్పిన అయివారు. ఇన్నాళ్లూ ఆయన చేతిలో ఓడిపోతానే ఉన్నా. నిన్న దాటేసినా. ఆయన ఊరికి పోయినాడు, ఎల్లుండి వస్తాడు. కండ్లారా చూపించకుంటే, నీ మొగానికి అంత స్కోరా అంటాడు."

ఆవిడ చెప్పింది నిజమే. కరెంటు ఒక్క క్షణం ఆగినా ఆ మెమరీ ఖాళీ అవుతుంది. లోపల ఆరు వోల్టుల బిళ్ల బ్యాటరీల ప్యాక్ ఉంది. మీటరు పెడితే నాలుగు చూపించింది. కంపెనీ ఆ గేమునే ఆపేసింది, ఇక ప్యాక్ కోఠిలో కూడా దొరకదు. రెండు షాపులవాళ్లు పారేసి కొత్తది కొనమన్నారట. నాకు ఒళ్లు మండింది.

"ఫికర్ చెయ్యకమ్మా, జర కూసో" అన్నాను. నిజానికి ఫికరంతా నాదే.

నాలుగు పెన్సిల్ సెల్లులు వరసగా కలిపితే ఆరు వోల్టులు. పాతది పీకకుండానే వాటిని పక్కన అతికించాలి. కొత్త కరెంటు పాత ప్యాక్‌లోకి వెనక్కి పోకుండా మధ్యలో డయోడ్ పెట్టాను. అది కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ప్లగ్గు పీకేసి, ఆ మిగిలిన వేడితోనే అతికించాను. ఐరన్‌లో కరెంటు లీకేజీ ఉంటే స్కోరు తుడిచిపెట్టుకుపోతుంది. ఆఖరికి పాత ప్యాక్ వైరు కత్తిరించేటప్పుడు ఓబుళమ్మ గారు కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకునేవాణ్ణే, చేతిలో కట్టర్ ఉంది కాబట్టి సరిపోయింది.

తెర మీద అంకెలు నల్లగా తేలాయి. పద్దెనిమిది వేల నాలుగు వందలు.

"అదే నాయనా, అదే" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నా ఛాతీ ఉప్పొంగింది. సెల్లులు లోపల పట్టక టేపుతో వెనక కట్టాను. గేముకు గూని వచ్చింది, అంతే.

నాలుగు రోజులకు అయివారు స్వయంగా షాపుకొచ్చారు.

"ఏమప్పా, ఆ బ్యాటరీని సావనిచ్చింటే నీ సొమ్మేం పోయేది? స్కోరు చూపించినాకనే కాఫీ ఇస్తాంది ఆమె" అన్నారు. కోపం నటించబోయి నవ్వేశారు.

అంతకంటే పెద్ద మిషన్లు తర్వాత చాలా బాగు చేశాను. అయినా నా పనితనం గురించి ఎవరడిగినా ఆ గూని గేము గురించే చెబుతాను. ఆనాటి నుంచి నా బల్ల మీదికి ఏ వస్తువు వచ్చినా మూత ముట్టుకోను. ముందు మనిషిని అడుగుతాను, "ఇందులో మీది ఏమన్నా ఉందా?" అని.