ఐదో జాగ

సుమలతకు చెవులు వినిపించవని కోరుట్ల గ్రౌండులో అందరూ అనుకునేవారు. ఎవరు మొదట అన్నారో తెలియదు. "సిరిసిల్ల పిల్ల గదనే. సాంచెల నడుమ పుట్టి పెరిగింది. గా చప్పుడుకు చెవులు ఉంటయా?" అని ఒకరంటే, "చిన్నప్పుడే పోయినయట" అని ఇంకొకరు. సాంచెలంటే మరమగ్గాలు. సుమలత తండ్రికి సిరిసిల్లలో నాలుగున్నాయి. ఆమె కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. బాస్కెట్‌బాల్ ఆడేటప్పుడు వెనక నుంచి "సుమా, సుమా" అని గొంతు చించుకున్నా తల తిప్పదు. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం రెండు ముక్కల్లో జవాబిస్తుంది. పెదవులు చూసి పోల్చుకుంటుందని దానికీ వాళ్లే కారణం చెప్పుకున్నారు. అడిగితే బాధపడుతుందని ఆమెనెవరూ అడగలేదు.

శ్రీవాణి బాస్కెట్‌బాల్ టీం కెప్టెన్. ఆదివారం జగిత్యాలలో ఫైనల్. ఆట మొదలుపెట్టే ఐదుగురిలో నలుగురు ఖాయమయ్యారు. ఐదో జాగ సుమలతకా, మనీషాకా అన్నదే తగువు. సుమలత బాల్ వేస్తే పడుతుంది. మనీషా వేసిన పదింటిలో నాలుగు పడితే ఎక్కువ. కానీ మనీషా ఉంటే కోర్టు పెళ్లిల్లులా ఉంటుంది. "అటు పోవే, ఇటు రావే" అని అందరినీ నడిపిస్తుంది. ఎవరైనా బాల్ జారవిడిస్తే వీపు మీద ఒకటి చరిచి నవ్విస్తుంది. పైగా శ్రీవాణికి చిన్ననాటి దోస్తు.

"ఆడేది మీరు. ఆదివారం బస్సు దిగేలోపు మీరే తేల్చుకోండ్రి," అని కోచ్ గంగారాం సార్ చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు నుంచి శ్రీవాణికి అన్నం సహించలేదు. పుస్తకం తెరిస్తే అందులో ఐదు పేర్లు, మూస్తే మనీషా ముఖం.

గురువారానికి మనీషాకే ఇద్దామనుకుంది. సుమలత ఆ వారం పండుగ చీరల పని ఎక్కువగా ఉందని సిరిసిల్ల పోయింది. ఫోన్ చేద్దామంటే వినిపించదాయె. మెసేజ్ మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపింది. ఇసుంటి మాట ముఖం చూసే చెప్పాలని బస్సెక్కింది.

రేకుల షెడ్డు గుమ్మంలోనే చప్పుడు ఛాతీకి తగిలింది. "సుమలతా!" అని అరిచింది. తన అరుపు తనకే వినిపించలేదు. సుమలత అటు తిరిగి ఉంది. చివరి సాంచె దగ్గర తల్లి కనకవ్వ చెయ్యెత్తి రెండు వేళ్లు చూపింది. సుమలత రెండు దారపు కండెలు తీసుకుపోయి ఇచ్చింది. కనకవ్వ గడ్డంతో గుమ్మం వైపు చూపింది. సుమలత తిరిగి, శ్రీవాణిని చూసి, బొటనవేలు నోటికి ఆనించింది. నీళ్లు తాగుతావా అని.

శ్రీవాణి గంటసేపు అక్కడే కూచుంది. నోట మాట లేకుండా పనంతా నడిచిపోతోంది. ఒకరి దారం తెగేసరికి మిగతావాళ్ల కళ్లు అప్పటికే అక్కడున్నాయి. చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే తిరుగు బస్సెక్కింది.

ఆదివారం పొద్దున జగిత్యాల బస్సులో సుమలత ముందు సీట్లో కిటికీ పక్కన కూచుంది. మిగతావాళ్లు ఆమె వెనకే కూచున్నారు. గొంతు తగ్గించే పని లేదనుకున్నారు.

"సాంచెల కాడ ఆళ్లు చేతులతోని మాట్లాడుకుంటరు, నేను చూసిన," అంది శ్రీవాణి. "మనం గూడ చెయ్యెత్తి పిలుద్దాం. బాల్ ఇస్తది."

"గా ఒక్కదాని కోసం అందరం మూగోళ్లం కావాల్నా?" అంది మనీషా.

"నీకైతే అది జైలే," అంది టీంలోని సుస్మిత. అందరూ నవ్వారు. మనీషా నవ్వలేదు.

"రెండేండ్ల సంది ఒక్కరోజు తప్పలే నేను. మా బాపు దుబాయి నుంచి ఫోన్ జేస్తే గూడ గ్రౌండుల ఉన్న అని పెట్టేసిన. ఆమె ఎవలతోని మాట్లాడది, పిలిస్తే చూడది. గసుంటి దానితోని టీం ఎట్లయితదే?"

"బాల్ అయితే పడుతది గదా."

"బాల్ పడుడే టీమా, వాణీ?"

మనీషా మాటలో అబద్ధం లేదు. బస్సు మేడిపల్లి దాటింది. ముందు సీట్లో జడ కదల్లేదు. శ్రీవాణి గోళ్లు కొరుకుతూనే ఉంది.

జగిత్యాలలో దిగగానే సార్ ఆమె వైపు చూశాడు.

"సుమలత," అంది శ్రీవాణి, ఎటో చూస్తూ. మనీషా బ్యాగు భుజాన వేసుకుని అందరికంటే ముందు నడిచిపోయింది.

కోర్టు చుట్టూ డప్పులు, ఈలలు, మైకు. ఎవరి మాటా ఎవరికీ అందలేదు. శ్రీవాణి ఎడమ పక్క నుంచి చెయ్యెత్తింది. చెయ్యి పూర్తిగా లేవకముందే సుమలత విసిరిన బాల్ వచ్చి అరచేతుల్లో పడింది. సగం ఆట అయ్యేసరికి రెండు పాయింట్లు ముందున్నారు. అయినా శ్రీవాణికి నెమ్మది లేదు. సుస్మిత రెండుసార్లు బాల్ జారవిడిచి ముఖం మాడ్చుకుంది. వీపు చరిచేవాళ్లు లేరు. మనీషా బెంచి మీద రాయిలా కూచుంది.

విరామంలో డప్పులు ఆగాయి. సుమలత అటు తిరిగి వంగి షూ లేసు కట్టుకుంటోంది. మనీషా సుస్మిత చెవిలో మెల్లగా, "చెవిటిదైనా మంచిగనే ఆడుతున్నదే," అంది.

"నువ్వు గూడ ఆడనీకి రా, మనీషా," అంది సుమలత, ముడి వేస్తూనే, తిరగకుండానే. "బస్సుల గంతసేపు అరిచినవ్. ఇక్కడ సప్పుడు జేస్తలేవు. నువ్వు అరిస్తే వీళ్లకు ధైర్యం."

మనీషా చేతిలో నీళ్ల బాటిల్ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"నీకు... వినిపిస్తదా?"

"ఎందుకు వినిపియ్యది?"

"మరి పిలిస్తే తిరగవేందే!"

"సాంచెల కాడ పిలిస్తే ఎవలు తిరుగుతరు?" సుమలత లేచి నిలబడింది. "కండ్లతోని చూసుడే అలవాటు. ఎవలు అరుస్తున్నరో చూడ. ఎవల ముంగట జాగ ఉన్నదో చూస్త."

శ్రీవాణి సార్ దగ్గరికి పోయి, తాను బెంచి మీద కూచుంటానని, తన జాగలో మనీషాను దింపమని చెప్పింది.

సుమలతకు రెండు చెవులూ బాగా వినిపిస్తాయి. కోరుట్ల గ్రౌండులో తన గురించి అన్న ప్రతి మాటా, మొదటి రోజు నుంచీ, ఆమె విన్నది.