కేబుల్ తీసేసిన ఇంట్లో ఫైనల్ మ్యాచ్

యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో కటింగ్ బల్ల దగ్గర పనిచేసే ఆమెను అందరూ పొడుగక్క అనే పిలిచేవారు. పై అరలోని బట్ట తానులను స్టూలు ఎక్కకుండా దించగలిగేది ఆమె ఒక్కతే. ఆ పొడుగు చూసే చిన్నప్పుడు ఆటల టీచరు ఆమెను బాస్కెట్‌బాల్ కోర్టులోకి లాక్కెళ్ళింది. కాలేజీ జట్టు దాకా ఆడింది. ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడింది. కాలు బాగైంది గాని ఆట మళ్ళీ అందలేదు. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, సంసారం. ఆటతో మిగిలిన చుట్టరికమల్లా టీవీలో వచ్చే లీగ్ మ్యాచ్‌లే.

ఆ మ్యాచ్‌లకు ఆమె పక్కన కూర్చునే మనిషి ఇంట్లో అత్తగారొక్కరే. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సెలవురోజున కూడా ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయిందని పిలుపు వచ్చేది. అత్తగారికి కంటి జబ్బుతో చూపు మెల్లగా తగ్గి, చివరికి వెలుగుకీ చీకటికీ తేడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. ఆ కొత్తలో ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ఒక సాయంత్రం టీవీలో మ్యాచ్ జరుగుతుంటే, అటు తిరిగే అడిగింది.

"ఏంటే ఆ చప్పుడు? ఎలుకలు అరుస్తున్నట్టు?"

బూట్లు నేలకు రాసుకుంటున్నాయని కోడలు చెప్పింది. ఎందుకు రాసుకుంటున్నాయని అత్తగారు. ఆగి పక్కకు తిరుగుతున్నారు కాబట్టి అని కోడలు. ఎవరు ఆగారు, ఎటు తిరిగారు, బంతి ఎవరి దగ్గరుంది అంటూ మొదలైన ప్రశ్నలకు ఆ సాయంత్రం అంతు లేకపోయింది. మ్యాచ్ అయ్యేసరికి అత్తగారు లేచి కూర్చుని ఉంది. అప్పటినుంచి కోడలు చూస్తూ చెప్పడం, అత్తగారు వింటూ తగువు పెట్టుకోవడం అలవాటైపోయింది. అంతకుముందు కూరలో ఉప్పు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయే మాటలు, ఇప్పుడు ఇద్దరూ కలిసి రిఫరీని తిట్టేదాకా వచ్చాయి.

ఇలా సాగుతుండగా ఒక సీజన్ మొదట్లో మ్యాచ్‌లు వచ్చే చానల్ రావడం మానేసింది. తెర నల్లగా ఉండి, మధ్యలో ఏదో నంబరుకు ఫోన్ చేయమని రాసి ఉంది. ఫోన్ చేస్తే కేబులాయన వచ్చి, చానల్‌ను పెద్ద ప్యాకేజీలోకి మార్చారనీ, అది కావాలంటే కార్టూన్లు, కుస్తీలు, నగల ప్రకటనలు అన్నీ కలిపి తీసుకోవాల్సిందేననీ తేల్చాడు. మాకు ఒక్క బాస్కెట్‌బాల్ చాలంటే అలా విడిగా ఇవ్వరన్నాడు. పొడుగక్క ఇంక వాదించలేదు. సెట్‌టాప్ బాక్సు విప్పి, వైరు చుట్టి, పైన దుమ్ము తుడిచి మరీ అతని చేతిలో పెట్టింది.

"అక్కా, కేబుల్ లేకుండా ఇల్లు ఎలా గడుస్తుంది?" అన్నాడతను, నిజంగానే బెంగపడుతూ.

"గడుపుకుంటాం లేవయ్యా," అంది ఆమె.

భర్త ముఖం కాస్త వాడింది. వర్క్‌షాపులో గుండీలు కుట్టే అమ్మాయి, మ్యాచ్‌లు చూపించే స్ట్రీమింగ్ యాప్ ఒకటుందని చెప్పింది. ఆ సాయంత్రం పొడుగక్క రిమోట్ పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఒక్కో అక్షరం దగ్గరకు బాణం గుర్తు జరుపుకుంటూ పేరు కొట్టింది. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం ఉండాలంది యాప్, అంకె ఉండాలంది, ఏదో ఒక గుర్తు కూడా ఉండాలంది. అన్నీ పెట్టాక, రెండుసార్లు కొట్టినవి ఒకలా లేవని మళ్ళీ మొదటికి తెచ్చింది.

"నిన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడు కూడా మేం ఇన్ని అడగలేదు కదే," అంది అత్తగారు.

చివరికి తెర మీద కోర్టు మెరుస్తూ కనబడింది. ఆ బొమ్మ తేటదనం చూసి పొడుగక్క టీవీకి ఇంకా దగ్గరగా జరిగింది. బంతి మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. మేడ మీద వాటాలో రిటైరైన స్టేషన్‌మాస్టరు ఉండేవాడు. పెద్ద ప్యాకేజీ తీసుకుని కేబుల్‌లోనే మ్యాచ్‌లు చూసేవాడు. కేబుల్‌లో వచ్చిన ఆట యాప్‌లోకి రావడానికి అర నిమిషం పట్టేది. కింద బంతి ఇంకా చేతిలో ఉండగానే మేడ మీద కేకలు వినబడేవి. మర్నాడు మెట్ల దగ్గర కనబడితే ఆయన ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా, మీ బండి రాత్రి కూడా లేటేనా?"

పొడుగక్కకు ఒళ్ళు మండేది. అత్తగారు మాత్రం ఆ లేటును తెలివిగా వాడుకుంది. వర్క్‌షాపు వాళ్ళు ఒకసారి మ్యాచ్ చూడటానికి వస్తే, ఆవిడ పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని, "ఇది పడదు," అంది. బంతి పడలేదు. "ఇది పడుతుంది," అంది. పడింది. వచ్చినవాళ్ళు ఆవిడకు ఏదో శక్తి ఉందనుకుని మాటలు తగ్గించి, ఒద్దికగా కూర్చున్నారు. గుండీల అమ్మాయైతే మెల్లగా దగ్గరకు జరిగి తన ప్రమోషన్ సంగతి అడగబోయింది. మేడ మీద స్టేషన్‌మాస్టరు కాలు నేలకేసి కొట్టే చప్పుడు ముందే విని చెబుతున్నానని ఆవిడ కోడలికి చెప్పింది వాళ్ళంతా వెళ్ళాకే.

ఆ సీజన్ మధ్యలోనే అసలు సంగతి జరిగింది. ఒక మధ్యాహ్నం ఏదో పాత మ్యాచ్ కోసం వెతుకుతూ పొడుగక్క యాప్‌లో కిందికి జరిగింది. ఎప్పుడూ చూడని బొమ్మ ఒకటి కనబడింది. నొక్కింది. ఆట మొదలైంది.

"ఏమైందే? చెప్పవేం?" అంది అత్తగారు.

"ఆడవాళ్ళు ఆడుతున్నారు అత్తయ్యా."

"ఎక్కడ? స్కూల్లోనా?"

"కాదు. లీగ్. జీతాలు తీసుకుని ఆడుతున్నారు. స్టేడియం నిండా జనం."

ఇన్నేళ్ళూ కేబుల్‌లో ఆడవాళ్ళ లీగ్ ఒక్కసారి కూడా రాలేదు. అలాంటిదొకటి ఉందని పొడుగక్కకు వార్తల్లో చదివిన గుర్తే తప్ప, కంటితో చూసింది లేదు. ఇప్పుడు చూస్తే, తన ఎత్తున్న ఆడవాళ్ళు, తనకంటే పొడుగువాళ్ళు, భుజాలు ఆనించి తోసుకుంటూ ఎగురుతున్నారు. మోకాలికి నల్ల పట్టీ కట్టుకున్న ఒకామె అందరికంటే వయసులో పెద్దది, జట్టుకు కెప్టెన్. ఎడమకు వెళ్తున్నట్టు భుజం వంచి కుడివైపు నుంచి దూరిపోయింది. పొడుగక్క ఏడుస్తోందని అత్తగారికి శ్వాస చప్పుడుతోనే తెలిసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఎవరు ఎక్కడున్నారో చెప్పు," అంది.

ఆ జట్టునే ఇద్దరూ తమ జట్టు చేసుకున్నారు. పట్టికలో అడుగునుంచి వెతుక్కోవాల్సిన జట్టు అది. నల్లపట్టీ కెప్టెన్ కోసమే ఎంచుకున్నారు. విచిత్రంగా, ఆ ఏడాది అది గెలవడం మొదలుపెట్టింది. ఒక్కో మ్యాచ్ గడిచేకొద్దీ వర్క్‌షాపులో టీ వేళ కబుర్లన్నీ దాని చుట్టూనే తిరిగేవి. కెప్టెన్ మోకాలు ఎలా ఉందని, ఇంటి మనిషి గురించి అడిగినట్టు అడిగేవారు. జట్టు ఫైనల్‌కు వచ్చింది. మ్యాచ్ ఆదివారం సాయంత్రం, అదీ మన జట్టు సొంత కోర్టులోనే.

ఫైనల్ కేబుల్‌లో లేదు. యాప్‌లో మాత్రమే ఉంది. ఆ సాయంత్రం గది నిండిపోయింది. కత్తెరల వాళ్ళు, మిషన్ల వాళ్ళు నేల మీద సర్దుకున్నారు. భర్త కూడా ఆరోజు ఫోన్ ఆపేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి మేడ మీద స్టేషన్‌మాస్టరు తన కుర్చీ తానే మోసుకుంటూ దిగివచ్చి, ఊరికే చూసి పోదామని వచ్చానన్నాడు.

"రండి బాబాయిగారూ, ఇవాళ బండి టైముకే ఉంది," అంది పొడుగక్క. ఆయన నవ్వేసి కూర్చున్నాడు.

మ్యాచ్ మొదటినుంచీ నువ్వా నేనా అన్నట్టు సాగింది. చివరి నిమిషంలో మన జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. బంతి అవతలివాళ్ళ చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. మధ్యలో చక్రం తిరుగుతోంది. శబ్దం మాత్రం వస్తూనే ఉంది. వ్యాఖ్యాతలు పేర్లు అరుస్తున్నారే గాని ఒక్క వాక్యమూ పూర్తిచేయడం లేదు. గదిలో గోల లేచింది. రిమోట్ నొక్కమని ఒకరు, నొక్కితే ఉన్నది కూడా పోతుందని ఇంకొకరు.

"అందరూ నోరు మూయండి," అంది అత్తగారు.

గది ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆవిడ తల కొంచెం పక్కకు వంచింది.

"బంతి నెమ్మదిగా కొడుతున్నారు. వాళ్ళే. కాలం గడుపుతున్నారు. జనం ఈలలేస్తున్నారు, వినండి." ఊపిరి తీసుకుంది. "బూట్లు. దగ్గర దగ్గరగా. మీద పడ్డారు." స్టేడియం పిడుగు పడినట్టు అరిచింది. "లాక్కున్నారు! మనవాళ్ళే. పరిగెడుతున్నారు. బంతి చప్పుడు చూడు, ఎంత వేగమో."

ఈల మోగింది. ఆ వెంటనే అంత జనమూ ఒక్కసారిగా ఊరుకున్నారు.

"తోసేశారు. మనవాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక పాయింటు. మన జనం ఊరుకున్నారంటే వేసేది మనవాళ్ళే."

గుండీల అమ్మాయి పక్కామె చెయ్యి పట్టుకుంది. బంతిని నేలకు కొట్టిన చప్పుడు వినబడింది. వల చిన్నగా సర్రుమంది. జనం అరిచారు.

"సమానం," అంది అత్తగారు. మళ్ళీ నిశ్శబ్దం. బంతి చప్పుడు. తర్వాత బుట్ట ఇనుప చట్రానికి తగిలిన మోత. పొడుగక్క అయ్యో అంది. అత్తగారు చెయ్యెత్తి ఆగమంది. బంతి చట్రం మీద మరోసారి తట్టింది. అంతలో స్టేడియం కప్పు లేచిపోయేంత అరుపు.

"పడింది," అందావిడ.

అవతలివాళ్ళు ఆఖరుగా విసిరిన బంతి బుట్ట వెనక పలకకు తగిలి దూరంగా ఎగిరిపోయిందని కూడా ఆవిడే చెప్పింది. ముగింపు బజరు మోగాక బొమ్మ కదిలింది. కోర్టు మధ్యలో మన జట్టువాళ్ళంతా ఒకరిమీద ఒకరు పడి ఉన్నారు. అందరికంటే కింద, నల్లపట్టీ మోకాలు. గదిలో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో తెలియలేదు. స్టేషన్‌మాస్టరు కుర్చీ మీదికెక్కి చేతులూపాడు. పొడుగక్క అత్తగారిని అమాంతం పైకెత్తేసింది. దింపవే, నడుం విరుగుతుంది అంటూనే ఆవిడ కోడలి మెడ వదల్లేదు.

సోమవారం వర్క్‌షాపులో ఎవరి చేతులూ పనిమీద నిలవలేదు. మ్యాచ్‌కు రాలేనివాళ్ళు మొత్తం చెప్పమని కటింగ్ బల్ల చుట్టూ చేరారు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓనరు తన గదిలోంచి బయటికి వచ్చాడు. అందరూ జంకారు.

"చివర్లో బంతి ఎవరు లాక్కున్నారు? ఫోన్‌లో నాకూ బొమ్మ ఆగిపోయింది," అన్నాడాయన.

పొడుగక్క కత్తెర కింద పెట్టి, బల్ల మీద సుద్దముక్కతో కోర్టు గీసి, మొదటి క్వార్టర్ నుంచి మొదలుపెట్టింది.