అమ్మమ్మ అరిగిన బొటనవేలు

అమ్మమ్మకు పుస్తకాలంటే ప్రాణం. కాకపోతే చదివేది తక్కువ, తిట్టేది ఎక్కువ. నలభై రెండేళ్లుగా బైండింగ్ షాపులో కాగితాలు మడిచి, కుట్టి, అట్టలు అంటించే మనిషి. మడత గట్టిగా పడాలంటే మిగతావాళ్లు చెక్కముక్కతో రుద్దుతారు. అమ్మమ్మకు అది నామోషీ. "ఇంత బొటనవేలు ఉండగా చెక్కెందుకు?" అంటుంది.

ఈమధ్య ఒక నవల కుట్టింది. అందులో ఒక నగరం. ప్రతి గుమ్మానికీ ఒక యంత్రం. అది గుర్తుపట్టని మనిషికి అన్నం లేదు, మందు లేదు, చివరికి పేరు కూడా లేదు. కుడికన్ను మసకేసినా ఎడమకంటితోనే ముప్పై పేజీలు చదివి, యజమాని బల్ల మీద పడేసింది.

"మనిషి ఎదురుగా నిలబడితే లేదంటారుటండీ ఎవరైనా? కోతలకైనా హద్దుండాలి!"

"నీకెందుకమ్మా, కుట్టేసెయ్" అన్నాడాయన.

శుక్రవారం పొద్దున కంటి ఆపరేషన్. ఆరు నెలలు తిరిగితే దొరికిన తేదీ. తప్పితే మళ్లీ ఏడాదికే అన్నారు. ఈలోపు రెండో కన్నూ మసకేస్తే సూదిలోకి దారం ఎక్కదు. అమ్మమ్మకు పని ఉండదు. ఇంట్లోవాళ్లకు ఆవిడ నోటి నుంచి రక్షణ ఉండదు.

ఆసుపత్రి కౌంటర్లో గుమాస్తా అమ్మమ్మ కార్డు నంబరు కొట్టి, వేలిముద్ర చూసే చిన్న గాజు యంత్రం ముందుకు జరిపాడు. అమ్మమ్మ వేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడిచి పెట్టింది. ఎరుపే. పది వేళ్లూ వరసగా పెట్టింది. పదిసార్లూ ఎరుపే.

"మీరు మీరు కాదంటోందమ్మా."

"మరి నేనెవరట? అదే చెప్పమను! కార్డు మీద ఫోటో ఉందిగా నాయనా, ఈ ముక్కు ఇంకెవరికైనా ఉంటుందా?"

నిజమే, ఉండదు.

"ముక్కు నాకు కనిపిస్తోందమ్మా. దానికి కనపడొద్దూ?"

అమ్మమ్మ నోరు మూతపడింది. ఇంట్లో ఎవరూ కనీవినీ ఎరుగని వింత అది. బొటనవేలు వెలుతురుకు పెట్టి చూసుకుంది. గోలీలా నున్నగా ఉంది. గీతలన్నీ పుస్తకాల మడతల్లోకి పోయాయి. తాను కోతలన్న ఆ ముప్పై పేజీలూ గుర్తొచ్చాయి.

గుమాస్తా అటూ ఇటూ చూసి తన బొటనవేలు గాజు మీద ఆనించాడు. పచ్చ దీపం! తెరమీద అమ్మమ్మ పేరు, వయసు, ముక్కుతో సహా ఫోటో.

"ఇదేం విడ్డూరం! అది నీ వేలు కదా!"

"గట్టిగా అనకండి. నాలుగేళ్ల కిందట ఈ కార్డులకు పేర్లు, వేలిముద్రలు ఎక్కించింది నేనే. వేళ్లు అరిగిపోయినవాళ్లు వస్తే, తిప్పి పంపలేక నా వేలు పెట్టాను. ఎవరెవరికి పెట్టానో గుర్తులేదు. అందుకే ముందు మీ వేళ్లన్నీ చూశాను."

"ఎంతమందికి పెట్టావేంటి?"

"లెక్కపెట్టలేదమ్మా."

అమ్మమ్మ వెనక్కి తిరిగింది. వరసలో ఇటుకలు మోసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు. అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకుంటున్నారు.

"నాయనా, నీకేమైనా అయితే మేమంతా ఏమైపోవాలి?"

గుమాస్తా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మా ఆవిడ నాచేత ఉల్లిపాయ కూడా కోయించదమ్మా."

లోపలి నుంచి నర్సు అమ్మమ్మ పేరు పిలిచింది. అమ్మమ్మ ఆ బొటనవేలినే చూస్తూ నిలబడిపోయింది.

"ఉన్నారా, లేరా?" నర్సు మళ్లీ కేకేసింది.

అమ్మమ్మ గుమాస్తా వైపు చూసింది. అతను తలూపాక గాని, "ఉన్నానమ్మా" అనలేకపోయింది.