భూదవ్వ పీకిన దడి

భూదవ్వను ఒక చోట కూర్చోబెట్టాలంటే ఒళ్లో బీడీల చాట పెట్టాలి. అప్పుడూ మనిషే కూర్చుంటుంది, చూపు మాత్రం వాకిలి దాటి తిరుగుతూనే ఉంటుంది. కాలు కాలిన పిల్లి అని మొగుడు బాలనర్సయ్య పెట్టిన పేరును ఊరంతా వాడుతుంది. మా ఊళ్లో మనుషులకు పెట్టిన పేర్లలో సరిగ్గా కుదిరింది అదొక్కటే.

ఊరి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సెక్కే చోటు దాకా బాటలో పిడికెడు నీడ లేదు. బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్లు ఆ ఎండలోనే పోతారు. పోయిన వానకాలం పంచాయతీ నర్సరీ నుంచి మొక్కలొస్తే, ఫోటో దిగి ఇంటికి పోదామనుకున్నవాళ్లను భూదవ్వ పోనివ్వలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లందరినీ బాట మీదికి తీసి, ఇంటికో వేప మొక్క అంటగట్టింది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప పాతించింది. ఎండలు ముదిరేసరికి మొక్కలు ఆమె నడుం దాకా వచ్చాయి. మేక నోటికి సరిగ్గా అందే ఎత్తు.

కాముని పున్నం దగ్గరపడేకొద్దీ ఆమెకు తిండి సయించలేదు. హోలీ ముందు రాత్రి వేసే కాముని మంటకు పోరగాళ్లు దొరికిన కట్టెనల్లా ఎత్తుకుపోతారు. కామునికి పోయినదాన్ని మళ్లీ అడగకూడదు, అది మా దగ్గరి కట్టడి. అందుకే ఆమె ముందుగానే వాళ్ల నాయకుడు సాయికిరణ్‌ను నిలేసి, మొక్కల జోలికి పోనని మాట తీసుకుంది.

పోలేదు పాపం. తెల్లారి చూస్తే మొక్కలు ఆకు చెదరకుండా ఉన్నాయి. కంప మాత్రం కామునితో పాటు బూడిదైంది. మాట తప్పని మహానుభావులు!

ముఖమంతా రంగులున్న సాయికిరణ్ తల గోక్కుని, హోలీ ఆడినంక సాయంత్రం కొత్త కంప కొట్టుకొస్తామన్నాడు. సాయంత్రం దాకా ఆగమని మైసన్న మేకలకు ఎవరు చెప్పాలి? వాటిని కాసే మైసన్నకే చెబుదామంటే అతను పండగపూట కల్లు దగ్గర ఉన్నాడు. మేకలు వాటి దారిన అవే తిరుగుతున్నాయి.

భూదవ్వకు భయమేసింది. బాట మీద అటూ ఇటూ తిరిగి, చివరకు ఇంటికి ఉరికింది. ఆమె పెరట్లో కూరగాయల చుట్టూ కంప దడి ఉంది. ఆమె నోటికి జడిసి పోరగాళ్లు వదిలేసిన కంప ఊళ్లో అదొక్కటే. దాన్ని పీకి, చేతులు గీరుకుపోతున్నా ఈడ్చుకుంటూ పోయి మొక్కలకు చుట్టింది. సగానికే వచ్చింది. బస్సు దిక్కున్నవి బోసిగానే మిగిలాయి.

వాటికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని మళ్లీ ఇంటికొచ్చి మూలమూలా వెతుకుతుంటే, పెరట్లోంచి బాలనర్సయ్య కేక వినబడింది.

“మేకలు జొచ్చినయే! టమాటలన్ని పాయె. కట్టె పట్టుకరా.”

కట్టె పట్టుకునే ఉరికింది. నీళ్లు మోసి పెంచిన చిక్కుడు తీగ ఒక మేక నోట్లో ఉంది. కట్టె ఎత్తింది. ఎత్తి, మొక్కలున్న బాట దిక్కు చూసింది. తర్వాత కట్టెను గోడకు చేరేసి, మొగుడు ఏరుకున్న రాయిని కూడా గుంజుకుంది.

“మెయ్యనియ్యి,” అని అరుగు మీద చాట ముందేసుకుని కూర్చుంది. “పొద్దుగూకెదాంక గీడ మేస్తె, గాడికి పోవు.”