రోడ్డు మీద ఉడికిన ఒడిబియ్యం

మొన్న ఆదివారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా యారాలు ఒక ఫొటో పెట్టింది. యారాలంటే తోటికోడలు, మా మరిది భార్య. న్యూజిలాండ్‌లో వాళ్ళ వంటగదికి కొత్తగా రంగులు వేయించారట. కిటికీ అవతల పచ్చగడ్డి. ఇవతల గట్టు మీద ఒక్కటంటే ఒక్క గిన్నె, అది కూడా కడిగి బోర్లించి ఉంది. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, నేనూ పెట్టాను. పెట్టి, ఫోను పక్కన పడేసి, మా వంటగదిలోకి వెళ్ళి కుక్కర్ మూత మీద కోపమంతా చూపించాను. నాకు యాభై దాటాయి. మోకాళ్ళు అరిగాయి, పళ్ళు అరిగాయి, ఆ పిల్ల మీద అసూయ మాత్రం ఇసుమంత కూడా అరగలేదు.

నేను కోడలిగా వచ్చేటప్పటికి అల్మాస్‌గూడ ఇంకా ఊరే. తర్వాత మా మామయ్య పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి, పెంకుటిల్లు పోయి మూడంతస్తుల ఇల్లు లేచింది. పై రెండంతస్తులూ కిరాయికి, కింద మేమందరం. ఇల్లు ఎంత పెరిగినా పొయ్యి మాత్రం ఒక్కటే. ఆ పొయ్యి మీద ఏం ఉడకాలో, ఎప్పుడు దించాలో అత్తమ్మ చెప్పాలి. భూముల రిజిస్ట్రేషన్ పని మీద ఏ చుట్టం పట్నం వచ్చినా భోజనం మా ఇంట్లోనే. ఎల్లిపాయ కారం వాసన నా చీరలకే కాదు, నా నిద్రకు కూడా పట్టేసిందనుకునేదాన్ని. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్యాన్లు, మోటార్ల దుకాణం ఉండేది. ఎప్పుడైనా బస్సులో అటు వెళ్తే దుకాణాల మీద ఉండే ఇళ్ళ వైపే చూసేదాన్ని. ఒకసారి ఒక బాల్కనీలో ఒకావిడ మిట్టమధ్యాహ్నం తల ఆరబెట్టుకుంటూ ఊరికే నిలబడి ఉంది. ఊరికే! ఆ సమయంలో ఆవిడ ఎవరికీ టీ పెట్టక్కర్లేదు. బస్సు కదిలిపోయినా నా మనసు ఆ బాల్కనీ దిగి రాలేదు.

అక్కడ రెండు గదులు కిరాయికి తీసుకుందామని, దుకాణానికి కూడా దగ్గరవుతుందని మా ఆయన్ని అడిగాను. ఆయన వాళ్ళ నాన్నను అడిగాడు. మామయ్య నన్ను పిలిపించి, కోపంగా కూడా కాదు, బాధగా అన్నాడు: "లోకం ఏమంటది బిడ్డా? పెద్దకోడలు ఇల్లు చీల్చిందంటది." అత్తమ్మ అన్నం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. చుట్టాల్లో మాట పాకింది. నేనే వెళ్ళి అత్తమ్మను లేపి, అన్నం కలిపి పెట్టి, ఆ రెండు గదుల ఊసు మళ్ళీ ఎత్తనని మాటిచ్చాను.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా యారాలు కొత్తకోడలు. ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. షిఫ్టు దిగి వచ్చి, మాట్లాడకుండా ఓ మూల కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది. ఆ మూల కూర్చుని అన్నీ గమనిస్తోందని నాకేం తెలుసు? కొన్నేళ్ళకు, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, ఆమెకు న్యూజిలాండ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమె వెంట మా మరిది. ఇంట్లో పండగ. "మా చిన్నోనికి ఫారిన్‌ల నౌకరొచ్చింది" అని అత్తమ్మ వీధంతా చెప్పింది. ఉద్యోగం ఎవరిదో సరిదిద్దే ధైర్యం ఎవరికీ లేదు, మరిదికైతే అసలే లేదు. పైన కిరాయికుండే గోదావరి జిల్లా ఆవిడ మిఠాయి అందుకుని, "గొడవలకి భయపడి వెళ్ళాల్సింది మేమనుకుంటుంటే, మీవాళ్ళు వెళ్తున్నారేంటండీ!" అంది. ఎందుకు వెళ్తున్నారో తలో మాట చెప్పారు. పిల్లల చదువన్నారు, మంచి గాలన్నారు. నేను మాత్రం డబ్బు కోసమే అని గట్టిగా నమ్మాను. డబ్బు మీద ఆశ నాకు లేదు గనక, అలా నమ్మితే కడుపుమంట కాస్త చల్లారేది.

మామయ్య ఆ రోజుల్లో ఇంటి పట్టున ఉండేవాడు కాదు. పొద్దున్నే కండువా వేసుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయేవాడు. సాయంత్రం వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టి, "కలిసి ఉండలేనప్పుడు కొట్లాటెందుకు? ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకుంటే పాయె. ఏరు పడ్డంకనే ప్రేమలు పెరుగుతయ్" అని చెప్పేవాడు. వాళ్ళందరికీ టీ నేనే ఇచ్చేదాన్ని. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మొహంలోకి ఒకసారి చూసి, ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికి పోయేదాన్ని.

ప్రయాణం దగ్గర పడింది. యారాలి పుట్టింటివాళ్ళు వచ్చి ఒడిబియ్యం పోసి వెళ్ళారు. మా దగ్గర ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోస్తారు. వాటిని అత్తగారింట్లో వండి నలుగురికీ పెట్టాలి. ఈమె విమానం ఎక్కేలోపే ఆ పని కావాలి. కానీ ఒక బంద్ అవుతూనే ఇంకో బంద్. బస్సుల్లేవు, చుట్టాలు రాలేరు. ఆ ఒడిబియ్యం మూట ఇంట్లోని బియ్యం బస్తాల పక్కన అలాగే ఉండిపోయింది. "ఒడిబియ్యం ఒండకుండ సముద్రం దాటుతదా?" అని అత్తమ్మ ఒకటే పరేషాన్.

అంతలో చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పడమన్నమాట. ఇంటింటి నుంచీ బియ్యం తెమ్మన్నారు. మామయ్య ఉత్సాహంగా చేతికందిన మూట స్కూటరు మీద పెట్టుకుని ముందు వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళం వెనక నడిచాం. పెళ్ళిళ్ళలో వండే పెద్ద గిన్నెలో ఎసరు మరుగుతోంది. పొగకు కళ్ళు మండుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి. మామయ్య జై తెలంగాణ అంటూ మూట విప్పి, పక్కనున్న చాటలో కుమ్మరించాడు. పచ్చటి బియ్యం, వాటి మీద ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, చివరికి ఎర్ర రవికె గుడ్డ కూడా జారిపడింది. ఒక ముసలమ్మ బుగ్గ నొక్కుకుని, "ఓయమ్మో, గివి ఒడిబియ్యం కదనే!" అంది. మామయ్య మొహంలో రక్తం లేదు. అత్తమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. ఆ ముసలమ్మే మళ్ళీ తేల్చింది. "ఏమైందిప్పుడు? నలుగురికి పెట్టాలె, గంతేనాయె. గీడ ఊరంత ఉన్నది. కుడుకలు తీసి పొయ్యుండ్రి."

పోశాం. పొయ్యికి అటు ఆమె, ఇటు నేను, చేతిలో చెరో గరిటె. నేనిక ఆగలేకపోయాను.

"నిజం చెప్పు చెల్లె. పైసల కోసమేనా?"

"పైసలు ఈడ రావా అక్కా? నా పొయ్యి నాకు కావాలె. డ్యూటీ దిగొచ్చి, ఎవ్వరికి చెప్పకుండ పండుకోవాలె."

"గంతదానికి గంత దూరమా?"

ఆమె శిబిరంలో కూర్చున్న మామయ్య వైపు చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు దిల్‌సుఖ్‌నగర్ అడిగినవ్ అక్కా. ఇల్లు చీలుస్తున్నవన్నరు. నేను చిక్కుడుకాయలు ఒలుసుకుంట అంతా జూసిన. దగ్గరకు పోతనంటే తప్పయితది. సముద్రం దాటి పోతనంటే దండలేస్తరు."

పొగ మీద నెపం పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. డబ్బు కాదు. నా కోరికే, అచ్చంగా నా కోరికే, నేను దెబ్బ తిన్న చోట చూసి నేర్చుకుని, నా కళ్ళ ముందు నుంచి ఎత్తుకుపోతోంది. అంత మంట నా జన్మలో ఎరగను. ఆ పచ్చన్నం ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ నేనే వడ్డించాను. తిన్న ప్రతివాళ్ళూ ఆమె తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండు బిడ్డా అన్నారు.

ఆమె వెళ్ళాక ఇంట్లో కోడలంటే నేనొక్కదాన్నే. ఇద్దరం ఉన్నప్పుడు వేరు కాపురం అడిగితే తప్పయింది, ఇప్పుడు అడిగితే పాపమే. అయినా రాష్ట్రం వచ్చిన రోజు మామయ్య ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకుని నా చేతిలో లడ్డూ పెడుతుంటే, నోరు జారి అనేశాను. "ఏరు పడ్డంక ప్రేమలు పెరుగుతయంటిరి కద మామయ్యా. మరి మేము?"

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు గూడ పోతే మాకెవరున్నరు బిడ్డా?" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, అదే నా కర్మ. లడ్డూ తిన్నాను. రాత్రి వంటకు బియ్యం కడిగాను.

రాష్ట్రం కోసం ఎన్నేళ్ళు అడిగారో మా ఇంట్లో చిన్నపిల్లల్ని లేపి అడిగినా చెప్తారు. రెండు గదుల కోసం నేను అడిగి ఎన్నేళ్ళయిందో నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకుంటూ వచ్చాను; ఈమధ్య నాకూ గుర్తుండడం లేదు.