చిన్నమ్మ పాటకు ఓ స్విచ్చి

పోయిన నెల బంగారుపాళ్యంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. వేదిక పక్కన నలుగురు కుర్రవాళ్లు వాయిద్యాలు పెట్టుకుని కూర్చున్నారు. మన వయసువాళ్లకు ఇటువంటి చోట రెండే పనులు కదా, భోజనాలకు ఎప్పుడు పిలుస్తారా అని చూడడం ఒకటి, ఈలోగా ఫ్యాను కింద కుర్చీ వెతుక్కోవడం ఒకటి. నేను కుర్చీ సాధించి కుదురుకున్నాక గిటారు కుర్రవాడు ఏదో చిన్న స్విచ్చి వేశాడు. అంతవరకూ నిండుగా మోగుతున్న గిటారు ఒక్కసారిగా సన్నబడి, జలుబు చేసినవాడు ముక్కుతో మాట్లాడినట్టు పలికింది. నా తల దానంతటదే మైకు ముందున్న మనిషి వైపు తిరిగింది. విరామంలో వెళ్లి అడిగితే, దాన్ని అవుట్ ఆఫ్ ఫేజ్ అంటారు తాతా, కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు అన్నాడు. ఇన్నేళ్లుగా తెలిసిన ఆ శబ్దానికి ఒక పేరుందని నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లో దాన్ని తిరగబడిన మోటారు అనేవాళ్లం.

డెబ్బైల చివర్లో చిత్తూరులో మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. మా పెదనాయన కొడుకు, నాకు అన్న, హార్మోనియం వాయిస్తూ దాన్ని నడిపేవాడు. నేను వారమంతా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాల మధ్య తిరిగి, ప్రోగ్రాములున్నప్పుడు గిటారు పట్టుకునేవాణ్ణి. ఆడవాళ్ల పాటలన్నీ మా అమ్మ చెల్లెలు, ఐరాల బడిలో టీచరుగా ఉన్న చిన్నమ్మ పాడేది. వైరు బుట్టలో ఒక మంచి చీర, చిన్న సీసాలో మిరియాల కషాయం పెట్టుకుని బస్సులో వచ్చేది. బడిలో ఎక్కాలు చెప్పించి చెప్పించి విసిగిపోయిన ప్రాణానికి ఆ మైకే దిక్కని, అది లేకపోతే వారం ఎట్లా గడపాలో తనకు తెలియదని మా అమ్మతో అంటుండేది. ఆమె అటువంటి మాటలు తేలిగ్గా అనే మనిషి కాదు.

ఒక ఏడు ఆమెకు గొంతు జబ్బు చేసింది. నయమైన తరువాత పై స్వరాలు తిరిగి వచ్చాయి గానీ కింది స్వరాల్లో బలం రాలేదు. పాట కిందికి దిగేసరికి పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు. మైకు సెట్టాయన సౌండు పెంచితే స్పీకర్లు కూతపెట్టేవి. అన్న రెండు మూడు పెళ్లిళ్లు చూసి, ఈ ముహూర్తాలు కాగానే తిరుపతి నుంచి వేరే అమ్మాయిని పిలిపిస్తానని ఆమెతోనే చెప్పేశాడు. పార్టీ నడపాల్సినవాడు కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. చిన్నమ్మ సరేనంది. ఆ పూట మా ఇంట్లో మజ్జిగన్నం కూడా తినకుండా బస్సెక్కింది.

ఆ రోజుల్లోనే నా గిటారు మూగబోయింది. గిటారులో తీగల కింద పికప్‌లని రెండుంటాయి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది, పైన మీటే తీగ కదిలితే దాని శబ్దాన్ని పట్టి స్పీకరుకు పంపేది ఆ చుట్టే. నా గిటారులో ఒకదాని చుట్ట లోపలెక్కడో తెగింది. కొత్తది కావాలంటే మద్రాసు పోవాలి, పోయినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. మా అక్క మొగుడు, అంటే మా బావ, వ్యవసాయ మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. ఎండాకాలం ఆయన అంగడి ముందు కాలిపోయిన మోటార్లు సంతలో ఎద్దుల్లా వరుసగా ఉండేవి. పికప్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, పాత రిలే కాయిల్లోంచి విప్పిన తీగతో, టేబుల్ ఫ్యాన్ల కాయిల్స్ చుట్టే మిషను మీద దాన్ని చుట్టి ఇచ్చాడు.

అయితే మోటార్లవాళ్ల అలవాటు ఒకటుంది. బోరు మోటారు తిరగబడి తిరిగి నీళ్లెత్తకపోతే, దానికొచ్చే మూడు తీగల్లో ఏ రెండింటినో మార్చేస్తే సరిగ్గా తిరుగుతుంది. అందుకని బావ చుట్ట ఎటు చుట్టాడో, తీగ మొదలేదో చివరేదో ఎప్పుడూ గుర్తు పెట్టుకోడు. గిటారుకూ అదే చేశాడు. రెండు పికప్‌లూ విడివిడిగా బాగానే పలికాయి. కలిపి వేస్తే మాత్రం ఒకటి తోస్తుంటే రెండోది లాగుతున్నట్టు లావు శబ్దమంతా పోయి, పీలగా ముక్కు శబ్దం మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంటి మిద్దె మీద సాధనలో ఇది బయటపడింది. నేను బావకు కబురు పంపి, తిట్టుకుంటూ అట్లాగే మీటుతున్నాను. చిన్నమ్మకు బస్సు వేళవుతోందేమో, నా కోసం ఆగకుండా పాట ఎత్తుకుంది. పాట కిందికి దిగింది. మాట మాటా వినబడింది. అన్న హార్మోనియం మీంచి తలెత్తాడు. ఆమె గొంతు పెరగలేదు. ఆ గొంతు ఉండే చోటును ఇన్నాళ్లూ నా గిటారు ఆక్రమించుకుని కూర్చుంది, అంతే. ఆడలేనివాళ్లు మద్దెల ఓడంటారని సామెత. మేమేమో మద్దెలను వదిలేసి ఆడే మనిషినే అన్నాం.

అంతలో బావ స్క్రూడ్రైవరుతో మెట్లెక్కి వచ్చాడు. రెండు తీగలు మార్చేస్తే అయిపోతుందని గిటారు అందుకోబోతే చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టుకోవద్దు అల్లుడా. నాకు దోవ దొరికినాది."

"తిరగబడిన మోటారును యాడన్నా వదిలేస్తారా అత్తా? ఊరంతా నవ్వుతాది," అన్నాడు బావ. పనిలో పేరంటే ఆయనకు ప్రాణం. నాకూ ఆ పీల శబ్దంతో మిగతా పాటలు వాయించడం నామోషీగానే ఉండింది.

ఆయన కాసేపు గొణుక్కుని, మళ్లీ అంగడికి పోయి ఆరు కాళ్ల చిన్న స్విచ్చి ఒకటి తెచ్చాడు. దాని మూలల మీద అడ్డంగా రెండు తీగలు అతికి, ఒక పికప్ దాని గుండా పోయేట్టు కలిపాడు. ఇటు వేస్తే రెండూ ఒకటై నిండుగా మోగుతాయి, అటు వేస్తే తిరగబడతాయి. అన్న ఆ పాటను ఇంకోసారి పాడించుకుని విన్నాడు. తిరుపతి అమ్మాయి మాట ఆ మిద్దె మీద మళ్లీ రాలేదు.

ఆ తరువాత కార్వేటినగరం పెళ్లికైనా, ఇంకే ఊరి జాతరకైనా మాకిద్దరికీ ఒక అలవాటు పడింది. పాట ఎత్తుకునే ముందు చిన్నమ్మ కొంగు సర్దుకుంటూ నా చేతివైపు ఒక చూపు చూసేది. నేను స్విచ్చి అటు వేసేవాణ్ణి. చుట్టుపక్కల గిటారు వాయించే తోటివాళ్లు, ఏమప్పా నీ గిటారుకు జొరమొచ్చిందా అని ఎగతాళి చేసేవాళ్లు. నిజానికి నాకు అటువంటప్పుడే వాయించడం ఇష్టంగా ఉండేది. ఇక చాలుననుకున్న రోజున చిన్నమ్మ తనే పాట మానుకుంది. ఇప్పుడు చిన్నమ్మా లేదు, బావా లేడు. గిటారు బీరువా మీద ఉంది.

పెళ్లిలో ఆ కుర్రవాళ్ల వెనక ఒకతను పెద్ద పెట్టె ముందు కూర్చుని, ఎవరి శబ్దం ఎంత ఉండాలో వేలితో జరుపుతున్నాడు. పీల గొంతునైనా ఎంతకైనా లేపుతాడు. మంచిదే, ఆ రోజుల్లో అటువంటి పెట్టె ఉంటే చిన్నమ్మ ఆ పూట మజ్జిగన్నం కూడా తినకుండా బస్సెక్కి ఉండేది కాదు. ఒక గొంతు వినబడాలంటే పక్కవాడు తగ్గాల్సిన పని ఇప్పుడు లేదు. ఆ కుర్రవాడు స్విచ్చి వేసినప్పుడు తల వంచుకుని తన వేళ్లనే చూసుకుంటున్నాడు. మైకు ముందున్న అమ్మాయి కూడా అతని చేతివైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకు లేదని నాకు తెలుసు. అయినా పాట అయ్యేదాకా చూస్తుందేమోనని కనిపెట్టుకునే కూర్చున్నాను.