పద్మకు మాన్పించిన సూది

కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ యాకయ్యకు క్వింటాలు బస్తా ఒక లెక్క కాదు. అంతటి మనిషి, కూతురు పద్మకు సూది వేస్తుంటే మాత్రం వరండాలోకి పోయి చెవులు మూసుకునేవాడు. తల్లి లేని పిల్ల, పంచప్రాణాలూ దాని మీదే.

డెబ్బై మూడులో, ఎనిమిదేళ్ల పద్మకు గొంతు నొప్పి వచ్చింది. ఏ ఇంట్లో పిల్లలకు రాదు గొంతు నొప్పి? పసుపు పాలు తాగించి ఊరుకున్నారు. అది తగ్గాక జ్వరం పట్టుకుంది, దాని వెంట కీళ్లు వాచాయి. ఇవాళ మోకాలైతే రేపు చీలమండ. నడవలేని పిల్లను భుజాన వేసుకుని యాకయ్య రైలెక్కి వరంగల్ పెద్ద దవాఖానకు పోయాడు. డాక్టరమ్మ పిల్ల గుండెను చాలాసేపు విన్నది. గొంతు నొప్పితోనే ఇదంతా మొదలైందని, అది మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలని, ఇరవై ఏళ్లు దాటేదాకా మానొద్దని చెప్పింది. నొప్పులు పోయాయని ఆపితే, మళ్లీ వచ్చినప్పుడు గుండె పాడవుతుందని మరీ మరీ చెప్పింది.

యాకయ్య కూలి పోగొట్టుకుని మరీ తిప్పాడు. ఆ సూది పెద్దది, మందు చిక్కనిది. ఇద్దరు పట్టుకుంటే గానీ వేయనిచ్చేది కాదు పద్మ. తిరుగు రైల్లో తండ్రి వైపు చూసేది కూడా కాదు.

ఈలోగా యాకయ్య తల్లి సమ్మమ్మ మేడారం తల్లులకు మొక్కింది. పిల్ల తన కాళ్ల మీద నడిస్తే ఎత్తు బంగారం ఇస్తానన్నది. బంగారమంటే బెల్లమే, తల్లుల దగ్గర దాని పేరు అది. మరుసటి ఏడు జాతరకు ముందు, యార్డులో వడ్లు తూచే కాంటా మీదే పద్మను కూర్చోబెట్టి తోటి హమాలీలు బెల్లం తూచారు. తల్లుల గద్దె దాకా పద్మ గునగునా నడిచింది. యాకయ్య జనంలో నిలబడి ఏడ్చాడు.

మళ్లీ సూది వేయించే రోజు వచ్చింది. సమ్మమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"తల్లికి ఒప్పజెప్పినంక మళ్ల సూదులేందిరా? నమ్మకుంటే ఎందుకు మొక్కినం?"

నిజం చెప్పాలంటే యాకయ్యకూ అలాంటి మాటే కావాలి. నానమ్మ కొంగు చాటు నుంచి బిత్తరచూపులు చూస్తున్న పిల్లను చూశాడు, చేతిలోని సంచి కింద పెట్టాడు. దవాఖానకు పోవద్దని ఏ తల్లీ చెప్పదు. ఆ మాట మనుషులం మనమే ఆమె నోట పెడతాం.

తర్వాత గొంతు నొప్పులు వచ్చాయి, పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. సమ్మమ్మ కాలం చేసింది. పద్మను రఘునాథపల్లిలో సైకిళ్లు బాగుచేసే రాంచందర్‌కు ఇచ్చారు. మంచి పిల్లవాడు, కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు. ఎనభై ఆరులో ఏడో నెల కడుపుతో ఉండగా పద్మకు ఆయాసం మొదలైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. దగ్గితే నెత్తురు.

మళ్లీ అదే దవాఖాన. గుండెలో కవాటం సన్నబడిపోయిందని, కడుపు బరువును ఆ గుండె మోయలేకపోతోందని కొత్త డాక్టరు చెప్పాడు. చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, సూదులు ఎవరు మాన్పించారని కోపంగా అడిగాడు. యాకయ్య నోరు తెరవబోయాడు. దిండ్లకు ఆనుకుని కూర్చున్న పద్మే ముందు అన్నది.

"నేనే సార్. భయమై, ఏడ్చి మానుకున్న. మా నాయిన తీస్కపోతనే అన్నడు."

డాక్టరు వెళ్లాక యాకయ్య మంచం పట్టె మీద తల ఆనించాడు. "నన్ను తిట్టు బిడ్డా, ఒక్కసారి తిట్టు" అన్నాడు.

"ఎందుకు నాయినా? నా ఏడుపు సూడలేకపోయినవ్, అంతే గదా" అని ఆయాసపడుతూ అతని తల నిమిరింది.

మర్నాడు మధ్యాహ్నం పద్మ పోయింది, కడుపులో బిడ్డతో సహా. రాత అన్నారు, తల్లే తీసుకుపోయిందన్నారు. యాకయ్య వాటిలో ఒక్క మాటా తీసుకోలేదు. బిడ్డ తిట్టి పోయి ఉంటే ఆ తిట్టును పట్టుకునైనా ఏడ్చేవాడు. అది కూడా మిగల్చకుండా పోయింది.